తెర ఉన్న లినక్స్, తెర లేని లినక్స్

2003 నవంబరులో రెడ్‌హ్యాట్ కంపెనీ సీఈఓ మాథ్యూ జులిక్ ఒక మాట అన్నాడు. ఇంట్లో కంప్యూటర్ వాడుకునే మామూలు మనిషికి ప్రస్తుతానికి విండోసే నయమని, లినక్స్ ఇంకా కాస్త ముదరాలని, ముఖ్యంగా పరికరాల డ్రైవర్ల విషయంలో అది వెనకబడే ఉందని ఆ మాట సారాంశం. అన్నది లినక్స్ అమ్ముకుని బతికే కంపెనీకి పెద్ద. సరిగ్గా ఆ రోజుల్లోనే రెడ్‌హ్యాట్ తన వాడకందార్లకు ఇంకో కబురు కూడా పంపింది. అంగళ్లలో అట్టపెట్టెల్లో అమ్ముడుపోయే 'రెడ్‌హ్యాట్ లినక్స్' ఇక ఉండదు. 9వ వెర్షనే ఆఖరు. 2004 ఏప్రిల్ 30 తర్వాత దానికి సవరణలు కూడా రావు.

పాత పేరు పోయాక రెండు దారులు మిగిలాయి. ఒకటి, డబ్బు చెల్లించే సంస్థల కోసం రెడ్‌హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్. 2002లో 'అడ్వాన్స్‌డ్ సర్వర్' పేరుతో మొదలైన ఈ సరుకు ఏళ్ల తరబడి ఉన్నచోట ఉన్నట్టే ఉంటుంది. రెండోది, అదే నవంబరులో మొదటి విడుదల చూసిన ఫెడోరా. అది ఉచితం, సుమారు ఆరు నెలలకొకసారి కొత్తది వస్తుంది, ఏదైనా చెడితే వాడేవాడే చూసుకోవాలి. ఏళ్లుగా ఒకే సీడీతో ఇంటి కంప్యూటర్‌నీ ఆఫీసు సర్వర్‌నీ నెట్టుకొస్తున్న జనం ఇది నమ్మకద్రోహం అన్నారు. జులిక్ మాట చేదుగా ఉంది కానీ, అబద్ధం మాత్రం కాదు.

నిజానికి లినక్స్ పుట్టింది సర్వర్ గదిలో కాదు. 1991లో హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ తన బల్ల మీది 386 కంప్యూటర్ కోసం రాసుకున్నదే అది. 1993లో స్లాక్‌వేర్, డెబియన్ మొదలయ్యాయి. యంత్రాన్ని నడిపే మూలభాగమైన కెర్నల్‌ని, వందలాది ఇతర ప్రోగ్రాములని ఒక మూటగా కట్టి ఇచ్చే ఈ పద్ధతికే డిస్ట్రిబ్యూషన్ అని పేరు. అప్పటికి వాటిని ఎక్కించుకునేవాళ్లలో ఎక్కువమంది తమ గదిలో తమ కంప్యూటర్ ముందు కూర్చునే విద్యార్థులు, ఇంజినీర్లే. కానీ లినక్స్‌ని పనిలో పెట్టుకున్నది మాత్రం ఇంటర్నెట్ సర్వీసు కంపెనీలు. ఖరీదైన యూనిక్స్ యంత్రం చేసే పనిని మామూలు పీసీ చేసి పెడుతుంటే ఎవరు వద్దంటారు? వెబ్‌సైట్లు, మెయిళ్లు, ఫైళ్ల పంపకం - అన్నీ ఒక్కొక్కటిగా దాని నెత్తికెక్కాయి.

సర్వర్‌కు కావలసింది తక్కువే. ఒక నెట్‌వర్క్ కార్డు, నమ్మకమైన డిస్కు, నెలల తరబడి ఆగకుండా నడిచే గుణం ఉంటే చాలు. మానిటర్ లేకపోయినా దానికి లోటు లేదు. కూర్చుని వాడే మనిషి అడిగే జాబితా అలా కాదు. తెర సరైన రెజల్యూషన్‌లో వెలగాలి, పాట వినపడాలి, ప్రింటర్ కదలాలి, అక్షరాలు కంటికి ఇంపుగా ఉండాలి. 90ల చివర్లో మన దేశంలో చాలామందికి లినక్స్ తొలిసారి చేతికొచ్చింది పీసీక్వెస్ట్ పత్రికతో పాటు వచ్చే సీడీ రూపంలో. ఎక్కించడం ఒక పూట పని. ఎక్కాక ఇంటర్నెట్ రావాలంటే మోడెమ్ పలకాలి. అప్పటి చవక మోడెములు సగం పనిని విండోస్ డ్రైవర్‌కే వదిలేసేవి కనుక లినక్స్ కింద వాటికి ఉలుకూ పలుకూ ఉండేది కాదు. డెస్క్‌టాప్ మోజు చాలా ఇళ్లలో అక్కడితోనే ఆగిపోయింది.

ఆ మోజుని నిలబెట్టే ప్రయత్నాలూ జరిగాయి. 1996లో మథియాస్ ఎట్రిక్ మొదలుపెట్టిన కేడీఈ, 1997లో మిగెల్ డి ఇకాజా, ఫెడెరికో మెనా మొదలుపెట్టిన గ్నోమ్ రెండూ ఒకే ఆశతో పుట్టాయి. కిటికీలు, మెనూలు, ఐకాన్లు అన్నీ ఒక పద్ధతిలో ఉండే తెర కావాలన్నది ఆ ఆశ. కేడీఈ వాడుకునే క్యూటీ లైబ్రరీ లైసెన్సు సరిగా లేదని రెడ్‌హ్యాట్ దాన్ని చాన్నాళ్లు దూరం పెట్టింది. 1998 జూలైలో ఫ్రాన్స్‌లో గేల్ డువాల్ అనే కుర్రవాడు ఆ ఖాళీని పట్టుకున్నాడు. రెడ్‌హ్యాట్ 5.1 తీసుకుని, దాని మీద కేడీఈ మొదటి వెర్షన్ కూర్చి, మాండ్రేక్ అని పేరు పెట్టి విడిచాడు. మూలపదార్థం అంతా రెడ్‌హ్యాట్‌దే. మారిందల్లా ముందుగా ఏం కనిపిస్తుంది, ఏది తానంతట తానే సర్దుకుంటుంది అన్నది మాత్రమే. ఆపాటి మార్పుకే జనం ఎగబడ్డారు. లినక్స్ లోకంలో ఆ తర్వాత వచ్చిన తగాదాలన్నీ దాదాపు ఇలాంటివే. ఫలానా సౌకర్యం ఉందా లేదా అన్నది వాటిలో అసలు పేచీ కాదు. ఎవరూ ఏమీ ముట్టుకోకపోతే అది ఎలా ఉండాలి, అంటే డీఫాల్ట్ ఎవరి పక్షం ఉండాలి అన్నదే.

ఈ పేచీ అడుగున కెర్నల్ దాకా పోతుంది. ప్రాసెసర్ ఒక పని చేస్తూ చేస్తూ క్షణంలో ఎన్నోవంతుకోసారి తలెత్తి, ఇంకెవరైనా కాచుకుని ఉన్నారా అని చూస్తుంది. కౌంటర్ దగ్గర గుమాస్తా ఉన్నాడనుకోండి. మాటిమాటికీ తలెత్తి చూస్తే వచ్చినవాళ్లకు వెంటనే జవాబు దొరుకుతుంది, లెడ్జరు మాత్రం సాయంత్రానికి పూర్తవదు. తల దించుకుని రాసుకుపోతే లెడ్జరు పూర్తవుతుంది, కౌంటర్ ముందు జనం విసుక్కుంటారు. 2.4 కెర్నల్ మామూలు పీసీల మీద సెకనుకు 100 సార్లు తలెత్తేది. 2003 డిసెంబరులో వచ్చిన 2.6లో దాన్ని 1000 చేశారు. మౌస్ కదలిక, పాట, వీడియో నున్నగా సాగాలంటే అది మేలే. సర్వర్లకు మాత్రం అది దండగ ఖర్చు. చివరికి 2005లో 2.6.13 వచ్చేసరికి 100, 250, 1000 మూడూ ఉంచి, ఎంచుకోనివాళ్లకు 250 ఇచ్చారు. ఇద్దరికీ సగం సగం తృప్తి.

ఆ సగం తృప్తితో సరిపెట్టుకోని మనిషి ఒకడున్నాడు. పేరు కాన్ కొలివాస్, ఊరు ఆస్ట్రేలియాలో, వృత్తి ఆపరేషన్ థియేటర్‌లో మత్తుమందు ఇచ్చే డాక్టరు. ప్రోగ్రామింగ్ సొంతంగా నేర్చుకున్నాడు. డెస్క్‌టాప్ మీద పాట తడబడకుండా, కిటికీ లాగితే ఆగకుండా ఉండేలా ఏళ్లపాటు తన ప్యాచ్‌లు తాను రాసి పంచిపెట్టాడు. కెర్నల్ పెద్దలంతా వందల ప్రాసెసర్ల యంత్రాల కొలతలే చూస్తున్నారని, బల్ల ముందు కూర్చున్నవాడి ఇబ్బందిని కొలిచే సాధనమే వాళ్ల దగ్గర లేదని అతని ఫిర్యాదు. ప్రాసెసర్ ఎప్పుడు ఏ పని చేయాలో తేల్చే కెర్నల్ భాగాన్ని షెడ్యూలర్ అంటారు. 2007లో అందరికీ సమానంగా వంతు ఇచ్చే షెడ్యూలర్‌ను అతను ముందుకు తెచ్చాడు. అదే తరహా ఆలోచనతో కెర్నల్ ఇంజినీర్ ఇంగో మోల్నార్ రాసిన సీఎఫ్ఎస్ అనే షెడ్యూలర్ 2.6.23లో చేరింది, కొలివాస్‌ది చేరలేదు. మోల్నార్ అతని ఆలోచనకు గుర్తింపు ఇవ్వకపోలేదు. అయినా కొలివాస్ మనసు విరిగి ఆ జూలైలోనే కెర్నల్ పని వదిలేశాడు. రెండేళ్ల తర్వాత 2009లో మరో షెడ్యూలర్‌తో తిరిగొచ్చినప్పుడు దాన్ని ప్రధాన కెర్నల్‌లో చేర్చమని అడగనే లేదు. ఎవరికి న్యాయం జరిగింది అన్నది ఇప్పటికీ తెగని వాదమే. కానీ అందరికీ సమంగా వంతు అన్న ఆలోచన ఒక డెస్క్‌టాప్ అభిమాని పట్టుదల వల్లే అంత త్వరగా కెర్నల్‌లోకి వచ్చిందనడానికి సందేహించక్కర్లేదు. 2.6.23 నుంచి ప్రపంచంలోని సర్వర్లు కూడా పదిహేనేళ్లకు పైగా ఆ సీఎఫ్ఎస్ మీదే నడిచాయి.

2004 అక్టోబరు 20న ఉబుంటు మొదటి విడుదల 4.10 బయటికొచ్చింది. దాని వెనక ఉన్నది దక్షిణాఫ్రికాకు చెందిన మార్క్ షటిల్‌వర్త్. థాట్ అనే తన కంపెనీని 1999లో వెరీసైన్‌కు అమ్మి కోట్లు గడించాడు, అంతరిక్షానికి వెళ్లొచ్చాడు. ఉబుంటు మూలం డెబియన్. దాని మీద గ్నోమ్ కూర్చి, ఒక్క సీడీలో పట్టేలా కుదించి, అడిగినవాళ్లకు ఆ సీడీని పోస్టులో ఉచితంగా పంపేవారు. షిప్‌ఇట్ అనే ఆ ఏర్పాటు 2011 దాకా సాగింది. మన ఇంజినీరింగ్ కాలేజీల హాస్టళ్లకూ ఆ అట్టకవర్లు బోలెడు వచ్చాయి. రూట్ (నిర్వాహకుడి) పాస్‌వర్డ్ అంటూ వేరే లేకుండా, సొంత పాస్‌వర్డ్‌తోనే ఆ అధికారం ఇచ్చే సుడో ఒక్కటే పెట్టడం, ఎక్కించగానే బయటి నుంచి ఏ పోర్టూ తెరిచి ఉండకపోవడం ఇంటి మనిషిని దృష్టిలో పెట్టుకుని తీసుకున్న నిర్ణయాలు. షటిల్‌వర్త్ నమోదు చేసిన మొట్టమొదటి 'బగ్', మార్కెట్‌లో అధిక వాటా మైక్రోసాఫ్ట్‌ది కావడం.

అలాంటి ఉబుంటు కూడా రెండేళ్లు తిరక్కుండానే సర్వర్ వైపు చూడక తప్పలేదు. 2006 ఏప్రిల్‌లో రావలసిన విడుదలను ఆరు వారాలు వెనక్కి జరిపి, 6.06 అని పేరు మార్చి, జూన్ 1న విడిచారు. చాలాకాలం సవరణలు అందిస్తామని మాట ఇచ్చిన తొలి ఉబుంటు అదే. ఆ మాటలోనే తేడా ఉంది చూడండి. డెస్క్‌టాప్‌కు మూడేళ్లు, సర్వర్‌కు ఐదేళ్లు. పేరు ఒకటి, ప్యాకేజీల భాండాగారం ఒకటి, ఆయుర్దాయాలు రెండు. కెర్నల్ కూడా రెండు రకాలు ఇచ్చేవారు. డెస్క్‌టాప్‌ది సెకనుకు 250 సార్లు తలెత్తేది, సర్వర్‌ది 100 సార్లు. సర్వర్‌ దాంట్లో నడుస్తున్న పనిని కెర్నల్ మధ్యలో ఆపకుండా ఉండే ఏర్పాటు, డిస్కు పనులకు వేరే వరస. ఈ రెండు కాపురాలూ 2012లో 12.04తో ఒకటయ్యాయి. ఆయుర్దాయం ఇద్దరికీ ఐదేళ్లు, కెర్నల్ ఇద్దరికీ ఒకటే. అప్పటికి యంత్రాల బలం పెరిగి ఆ తేడాల ప్రయోజనం తగ్గింది. రెండింటినీ పరీక్షించి నిలబెట్టే చాకిరీ మాత్రం తగ్గలేదు మరి.

ఫెడోరా దారిలో తగాదా ఇంకో తీరుగా వచ్చింది. 2009 నవంబరులో ఫెడోరా 12 విడుదలైంది. యంత్రం ముందు కూర్చుని లాగిన్ అయిన ఏ వ్యక్తి అయినా, రూట్ పాస్‌వర్డ్ అడక్కుండానే, సంతకం ఉన్న ప్యాకేజీలను ఎక్కించుకోవచ్చు అని అందులో డీఫాల్ట్ పెట్టారు. ఇంట్లో లాప్‌టాప్ ఉన్నవాడికి ఇందులో తప్పేం కనిపించదు. యంత్రమూ అతనిదే, పాస్‌వర్డూ అతనిదే. అదే ఒక కాలేజీ ల్యాబ్‌ని ఊహించుకోండి. అరవై యంత్రాలు, మూడొందల మంది పిల్లలు, ఒక నిర్వాహకుడు. పొద్దున వచ్చేసరికి ఏ యంత్రంలో ఏ సర్వీసు లేచి కూర్చుందో అతనికి తెలియదు. గోల మొదలైన కొద్ది రోజుల్లోనే ఫెడోరా వెనక్కి తగ్గి పాత పద్ధతిని సవరణగా పంపింది.

అన్నింటికంటే పెద్ద యుద్ధం మాత్రం యంత్రం లేచే క్షణం గురించి జరిగింది. పాత యూనిక్స్ పద్ధతిలో స్క్రిప్టులు ఒకదాని తర్వాత ఒకటి వరసగా నడిచేవి. ఏడాదికి రెండు మూడుసార్లు లేచే సర్వర్‌కు అది ఐదు నిమిషాలు పట్టినా పట్టింపు లేదు. రోజుకు పదిసార్లు మూసి తెరిచే లాప్‌టాప్‌కు, ఎప్పుడంటే అప్పుడు గుచ్చే యూఎస్‌బీ డిస్కుకు, వస్తూ పోతూ ఉండే వైఫైకి ఆ వరస పనికిరాలేదు. ఉబుంటు 2006లోనే అప్‌స్టార్ట్ అనే కొత్త పద్ధతి తెచ్చింది. 2008లో ఇంటెల్ ఇంజినీర్లు ఇద్దరు ఈఈఈ పీసీ అనే చిన్న లాప్‌టాప్‌ను ఐదు సెకన్లలో లేపి చూపించి అందరి నోళ్లూ తెరిపించారు. 2010లో లెనార్ట్ పోటెరింగ్, కే సీవర్స్ అదే పనికి సిస్టమ్‌డీ అనే మరో పద్ధతిని మొదలుపెట్టారు. 2011లో ఫెడోరా 15 దాన్ని తీసుకుంది. 2014 ఫిబ్రవరిలో డెబియన్ సాంకేతిక సంఘంలో ఓట్లు సమానంగా చీలితే అధ్యక్షుడి ఓటుతో సిస్టమ్‌డీ గెలిచింది. కొద్ది రోజులకే షటిల్‌వర్త్ సొంత అప్‌స్టార్ట్‌ను పక్కన పెట్టేందుకు ఒప్పుకున్నాడు. ఇది లాప్‌టాప్ మనుషుల తలనొప్పి, మా సర్వర్లకెందుకు అంటూ కొందరు పాత నిర్వాహకులు డెబియన్ నుంచి విడిపోయి డెవువాన్ అనే వేరే డిస్ట్రిబ్యూషనే పెట్టుకున్నారు.

వాళ్ల కోపం వట్టి చాదస్తం కాదని 2016 మేలో తేలింది. సిస్టమ్‌డీ 230వ వెర్షన్ ఒక చిన్న డీఫాల్ట్ మార్చింది. మనిషి లాగౌట్ కాగానే అతను మొదలుపెట్టిన ప్రోగ్రాములన్నీ చంపెయ్యాలి. డెస్క్‌టాప్ వైపు నుంచి చూస్తే ఇది శుభ్రత. లాగౌట్ అయ్యాక కూడా గ్నోమ్ తాలూకు తునకలు మెమరీని పట్టుకుని వేలాడటం పాత జబ్బే. కానీ సర్వర్ నిర్వాహకుడి దినచర్య చూడండి. సాయంత్రం, దూరం నుంచి లాగిన్ చేయించే ఎస్ఎస్‌హెచ్‌తో సర్వర్‌లోకి వెళ్తాడు. స్క్రీన్ లేదా టీమక్స్ అనే ప్రోగ్రాం తెరిచి, రాత్రంతా పట్టే డేటాబేస్ నకలు పని అందులో మొదలుపెడతాడు. ఆ పనిని అలాగే నడవనిచ్చి బయటికొచ్చి, లాగౌట్ అయి ఇంటికి పోతాడు. పొద్దున మళ్లీ లోపలికెళ్లి పని ఎంతవరకు వచ్చిందో చూస్తాడు. లాగౌట్ తర్వాత బతికి ఉండటమే స్క్రీన్, టీమక్స్‌ల జన్మకారణం. కొత్త డీఫాల్ట్ వాటినే చంపేస్తుంది. కావాలంటే ఫలానా ఆదేశంతో మినహాయింపు తీసుకోండి అని రచయితలు అన్నారు. దశాబ్దాలుగా నడుస్తున్న అలవాటుకు ఇప్పుడు మినహాయింపు పత్రం ఎందుకని జనం అడిగారు. డెబియన్ తన ప్యాకేజీలో ఆ డీఫాల్ట్‌ను తిప్పేసి గొడవ ముగించింది.

ఇద్దరినీ ఒకే కప్పు కింద ఉంచడం కుదరదని ఫెడోరా అప్పటికే తేల్చుకుంది. 2014 డిసెంబరులో ఫెడోరా 21 మూడుగా చీలి వచ్చింది: వర్క్‌స్టేషన్, సర్వర్, క్లౌడ్. చీలినా గొడవ తప్పలేదనుకోండి. వర్క్‌స్టేషన్ ఫైర్‌వాల్‌లో 1024కు పైనున్న పోర్టులన్నీ తెరిచి ఉంచారు. ఇంట్లో పాటలు పంచుకునే ప్రోగ్రాం, ఆట ఆడే ప్రోగ్రాం ఎందుకు పని చేయట్లేదో మామూలు మనిషికి అర్థం కాదు, ఫైర్‌వాల్‌ని మొత్తంగా తీసేస్తాడు, అంతకంటే ఇదే మేలు అన్నది వాళ్ల వాదన. భద్రత గురించి పట్టింపు ఉన్నవాళ్లు తల బాదుకున్నారు. ఆ వాదనలో పస లేకపోలేదు. మనుషులు నిజంగా ఏం చేస్తారో చూసి పెట్టిన డీఫాల్ట్ అది.

డబ్బు లెక్క మాత్రం మొదటి నుంచీ ఒకవైపే మొగ్గింది. రెడ్‌హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 6 2010లో 2.6.32 కెర్నల్‌తో వచ్చి, పదేళ్ల పాటు అదే కెర్నల్‌ని అతుకులు వేసుకుంటూ 2020 నవంబరు దాకా నడిచింది. బ్యాంకులు, టెలిఫోన్ కంపెనీలు డబ్బు ఇచ్చేది ఆ నిశ్చలతకే. 2019లో ఐబీఎం రెడ్‌హ్యాట్‌ని 3,400 కోట్ల డాలర్లకు కొన్నది కూడా డెస్క్‌టాప్ చూసి కాదు. ఉబుంటు తన సొంత తెర యూనిటీ కోసం, ఫోన్ కోసం ఏళ్లు ఖర్చుపెట్టింది. 2013లో ఉబుంటు ఎడ్జ్ అనే ఫోన్ కోసం 3.2 కోట్ల డాలర్లు విరాళంగా అడిగితే 1.28 కోట్ల దాకానే హామీలొచ్చాయి. అదే ఏడాది షటిల్‌వర్త్ తన మొదటి 'బగ్'ను మూసేశాడు. విండోస్‌ని దెబ్బకొట్టింది ఉబుంటు కాదు, ఫోన్లూ టాబ్లెట్లూ. 2017 ఏప్రిల్‌లో యూనిటీనీ ఫోన్‌నీ వదిలేసి గ్నోమ్‌కి తిరిగొస్తున్నామని, క్లౌడ్ మీదా చిన్న పరికరాల మీదా దృష్టి పెడతామని ప్రకటించాడు.

అయినా సర్వర్ డబ్బు డెస్క్‌టాప్‌ని మింగేసిందనడం సగం కథే. తెలుగు వాళ్లకు ఇది దగ్గర నుంచి తెలిసిన సంగతి. మన భాషకు డెస్క్‌టాప్ సౌకర్యం అంటే ముందు ఒత్తులూ గుణింతాలూ చెదరకుండా కనపడటం. లినక్స్‌లో చాలా ఏళ్లు అందరికీ అందుబాటులో ఉన్న లోహిత్ తెలుగు ఫాంటును ఉచితంగా విడుదల చేసి పోషించింది రెడ్‌హ్యాటే. సర్వర్ చందాల సొమ్ము మన 'క్ష్మ'నీ 'స్త్రీ'నీ నిలబెట్టిందన్నమాట. హైదరాబాద్ కేంద్రంగా స్వేచ్ఛ సంస్థ లినక్స్‌ని తెలుగులోకి తేవడానికి ఏళ్లుగా పని చేస్తోంది. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ డెబియన్ మీద కట్టిన బాస్ లినక్స్‌లోనూ తెలుగు ఉంది. విచిత్రమేమిటంటే ఆ బాస్ కూడా చివరికి డెస్క్‌టాప్‌కొకటి, బడులకొకటి, సర్వర్‌కొకటిగా విడివిడిగా తయారయింది.

ఇచ్చిపుచ్చుకోవడం రెండో దిక్కు నుంచి కూడా జరిగింది. పని లేనప్పుడు ప్రాసెసర్‌ను మాటిమాటికీ లేపకుండా నిద్రపోనిచ్చే మార్పు 2007లో 2.6.21 కెర్నల్‌లో చేరింది. అప్పట్లో దాని గురించి మాట్లాడినవాళ్లంతా లాప్‌టాప్ బ్యాటరీ గురించే మాట్లాడారు. కానీ వేల యంత్రాలున్న డేటా సెంటర్‌లో కరెంటు బిల్లు సంగతి వేరే చెప్పాలా? ఐదు సెకన్లలో లేవడం మొదట లాప్‌టాప్ ముచ్చట. క్లౌడ్ వచ్చాక సర్వర్ అంటే గంటసేపు పుట్టి పోయే వర్చువల్ యంత్రం అయింది, త్వరగా లేవడం దానికీ అవసరమైంది. మరోవైపు గూగుల్ ఇంజినీర్లు తమ సర్వర్ల కోసం రాసిన, ప్రోగ్రాములను గుంపులుగా కట్టి అదుపు చేసే సీగ్రూప్స్ 2008లో కెర్నల్‌లో చేరి, సిస్టమ్‌డీకి వెన్నెముక అయ్యాయి. కాలేజీలో ఉచిత సీడీతో ఉబుంటు నేర్చుకున్న కుర్రవాళ్లు ఉద్యోగాల్లో చేరి క్లౌడ్‌లో యంత్రం అద్దెకు తీసుకునేటప్పుడు చేతికి అలవాటైన పేరునే ఎంచుకున్నారు. ఉబుంటు సర్వర్ బలానికి ఇంతకంటే మంచి కారణం మరొకటి కనపడదు. పోస్టు ఖర్చు వృథా పోలేదు.

ఇప్పుడు ఒకే ఉబుంటు దీర్ఘకాలిక విడుదలను రెండు రకాలుగా దించుకోవచ్చు. సర్వర్ రకం మొదట వచ్చిన కెర్నల్‌ని పట్టుకునే ఉంటుంది, కొత్తది కావాలంటే అడిగి తీసుకోవాలి. డెస్క్‌టాప్ రకం కొత్త లాప్‌టాప్‌ల కోసం ఎప్పటికప్పుడు కొత్త కెర్నల్‌కు జరుగుతూ పోతుంది. మొదటిదానికి తెర లేదు, రెండోదానిలో ఎస్ఎస్‌హెచ్ సర్వర్ లేదు. రెండూ ఒకే భాండాగారం నుంచి ప్యాకేజీలు తెచ్చుకుంటాయి కనుక లేనిది ఏదైనా ఒక్క ఆదేశంతో వచ్చేస్తుంది. అలా తెచ్చుకున్నా డీఫాల్ట్‌లు మాత్రం పుట్టింటివే ఉంటాయి. 2018లో వచ్చిన గ్నోమ్ 3.28 నుంచి, కరెంటుకు తగిలించి ఉన్నా సరే, 20 నిమిషాలు ఎవరూ ముట్టుకోకపోతే యంత్రాన్ని నిద్రపుచ్చడం డీఫాల్ట్ అయింది. దాన్ని డిస్ట్రిబ్యూషన్లు తమకు తోచినట్టు మార్చుకుంటాయి, కొన్ని ఉన్నదున్నట్టే ఉంచేస్తాయి. పాత డెస్క్‌టాప్‌ను ఇంట్లో ఫైళ్ల సర్వర్‌గా మార్చి మూలన పెట్టాలనుకుంటే, ముందు పవర్ సెట్టింగుల్లోకి వెళ్లి ఆ నిద్రను ఆపండి.